వైద్యసేవా గుణ దత్తాంశముల ఎలక్ట్రానిక్ వినిమయము: ప్రమాణములు, సాధనములు

ఒక వైద్యశాలయందు ఒక సంవత్సరకాలమున చికిత్స పొందిన మధుమేహరోగులలో ఎందరికి రక్తమునందలి చక్కెర అదుపునకు వచ్చినది, ఎందరికి రాలేదు అను ప్రశ్నకు ఉత్తరము చెప్పుట పైకి సులభముగనే తోచును. కాని మధుమేహరోగి యని ఎవరి ననవలెను, ఏ పరీక్షను ప్రమాణముగా గ్రహింపవలెను, పరీక్షయే జరుగనివానిని ఏ పక్షమున వేయవలెను, సంవత్సరమధ్యమున వేరొక వైద్యుని యొద్దకు పోయినవాడు ఎవరి లెక్కలోనివాడు అను విషయములయందు ముందుగా ఒడంబడిక లేనిచో, రెండు వైద్యశాలలు చెప్పిన రెండంకెలను ప్రక్కప్రక్కన నిలిపి పోల్చుట, ఒక ఊరి కుంచముతో కొలిచిన ధాన్యమును వేరొక ఊరి కుంచముతో కొలిచిన ధాన్యముతో సరిచూచుట వంటిదే యగును. ఈ ఒడంబడికను కంప్యూటరు గ్రహింపగల రూపమున వ్రాసి, దాని ననుసరించి రోగుల రికార్డులనుండి అంకెలను రాబట్టి, ఆ యంకెలను ఒక సంస్థనుండి మరొక సంస్థకు అర్థభేదము రాకుండ చేరవేయుటకు ఏర్పడిన ప్రమాణములను, ఉపకరణములను ఈ వ్యాసము వర్ణించును. ఈ విద్య అమెరికా సంయుక్త రాష్ట్రములలో అధికముగా పెరిగినది గావున ఇందలి ఉదాహరణములు ప్రధానముగా అచ్చటివే.

పూర్వరంగము

చికిత్సాఫలమును లెక్కకట్టవలెనను తలంపు కంప్యూటరుకంటె మిక్కిలి పురాతనమైనది. క్రిమియా యుద్ధకాలమున స్కుటారి సైనిక వైద్యశాలలో పనిచేసిన ఫ్లారెన్స్ నైటింగేల్, అచ్చటి మరణపట్టికలు ఒకదానితో నొకటి పొసగకుండుట గమనించి, ఇంగ్లండునకు మరలివచ్చిన పిమ్మట, వైద్యశాలలన్నియు ఒకే తీరున నింపదగిన పత్రములను సిద్ధపరచి 1860లో లండనున జరిగిన అంతర్జాతీయ గణాంక మహాసభ యెదుట ఉంచెను. గణాంకవేత్త విలియమ్ ఫార్ ఈ ప్రయత్నమున ఆమెకు సహాయుడు. మహాసభ వానిని ఆమోదించినది. లండను వైద్యశాలలు కొన్ని కొంతకాలము వాడియు చూచినవి. కాని ఆ వాడుక నిలువలేదు. నింపువాని శ్రమ ఒకరిది, చదువువాని ప్రయోజనము వేరొకరిది యైనపుడు పత్రము చిరకాలము బ్రదుకదను సంగతి అప్పటినుండియే కనబడుచున్నది. ఫార్ చూపిన మార్గముననే 1893లో జాక్ బెర్టియాన్ చికాగో నగరమున సమర్పించిన మరణకారణముల జాబితా క్రమక్రమముగా విస్తరించి, నేడు ఐ.సి.డి. యని వ్యవహరింపబడు అంతర్జాతీయ రోగవర్గీకరణముగా పరిణమించెను.

ఫలితమును కొలుచుటయందు నైటింగేల్ కంటె మొండివాడు బోస్టను శస్త్రవైద్యుడగు ఎర్నెస్ట్ కాడ్‌మన్. శస్త్రచికిత్స పొందిన ప్రతి రోగిని అతడు ఇల్లు చేరిన తరువాత కూడ వెంబడించి, చికిత్స ఫలించినదా లేదా, ఫలింపనిచో ఎవరి దోషముచేత ఫలింపలేదు అను విషయమును ఒక కార్డుపై వ్రాసి యుంచవలెనని అతని మతము. 1911–1916 సంవత్సరముల మధ్య తన సొంత వైద్యశాలనుండి వెడలిన 337 మంది రోగుల విషయమున 123 పొరపాట్లు జరిగినవని తానే ప్రకటించెను. ఇట్టి వానిని తోటి వైద్యులు మెచ్చుకొనకపోవుట ఆశ్చర్యము కాదు. అతని భావముచే ప్రేరితులై అమెరికా శస్త్రవైద్యుల కళాశాలవారు నూరు పడకలును అంతకు మించియు గల 692 వైద్యశాలలను పరీక్షింపగా, కనీస ప్రమాణములకు నిలిచినవి 89 మాత్రమే యని తేలినది. తేలిన పేర్లు పత్రికలకు ఎక్కునేమో యను భయముచేత 1919లో న్యూయార్కునందలి వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటలు కొలిమిలో ఆ జాబితాను దగ్ధము చేసిరి. దత్తాంశములు సేకరింపబడినవి; వినిమయము మాత్రము అగ్నిదేవునితో జరిగినది.

బేరూతున జన్మించి మిషిగన్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన అవెడిస్ డోనబేడియన్ 1966లో ప్రకటించిన వ్యాసమున, చికిత్సాగుణమును నిర్మాణము, ప్రక్రియ, ఫలితము అను మూడు ముఖములనుండి చూడవలెనని ప్రతిపాదించెను. వైద్యశాలలో తగిన పరికరములు, సిబ్బంది కలరా యనునది మొదటిది. చేయవలసిన పని చేసిరా యనునది రెండవది. రోగికి మేలు కలిగినదా యనునది మూడవది. నేటి కొలమానములలో అధికభాగము ఈ మూటిలో ఏదో యొక తెగకు చెందినవే. 1990లో స్థాపితమైన ఎన్.సి.క్యూ.ఎ. అను సంస్థ బీమా సంస్థలను పోల్చుటకై హీడిస్ అను కొలమానముల సమూహమును ప్రచారమునకు తెచ్చినది. అప్పటికి దత్తాంశములకు ఆధారములు రెండే: బీమా సొమ్ముకొరకు పంపిన బిల్లులు, చేతితో తిరుగవేసిన కేసుషీట్లు. బిల్లులో పరీక్ష చేసినట్లుండును గాని దాని ఫలితముండదు. కేసుషీటులో ఫలితముండును గాని అనుభవజ్ఞురాలైన నర్సు కూర్చుండి పుటలు త్రిప్పినగాని దొరకదు. నివారింపదగిన పొరపాట్లచే అమెరికా వైద్యశాలలలో ఏటేట 44,000 మొదలు 98,000 వరకు మరణములు సంభవించుచున్నవని 1999లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ వెలువరించిన అంచనా దేశమును కలవరపరచిన పిమ్మట, ఈ చేతిపని చాలదను అభిప్రాయము బలపడెను.

లవము, హారము

కొలమానమనగా సారాంశమున ఒక భిన్నము. హారమున నిలువవలసినవా రెవరు, వారిలో లవమున కెక్కవలసినవా రెవరు అని నిర్ణయించుటయే దాని రచన. భిన్నమింత చిన్నది, కాని దానిని నిర్వచించు పత్రములు పదుల పుటలకు పెరుగును. అమెరికా ప్రభుత్వమున మెడికేర్, మెడికెయిడ్ అను ఆరోగ్యబీమా పథకములను నడుపు సి.ఎం.ఎస్. వారి ఎలక్ట్రానిక్ కొలమానములలో 122వ సంఖ్య గలదానిని నిదర్శనముగా గ్రహింతము. కొలత జరుగు సంవత్సరమున 18 మొదలు 75 ఏండ్ల వయస్సు గలిగి, మధుమేహము కలదని నమోదై, ఆ కాలమున వైద్యుని దర్శించినవారు హారమున చేరుదురు. మరణాసన్నులకు జరుపు హాస్పిస్ సేవలయందున్నవారును, ఉపశమన చికిత్స పొందువారును, 66 ఏండ్లు నిండి తీవ్రవ్యాధులచే కృశించినవారును మినహాయింపబడుదురు. మిగిలినవారిలో, రక్తపు చక్కెర అదుపును తెలుపు హెచ్‌బిఎ1సి పరీక్షయొక్క కడపటి విలువ 9 శాతమును మించినవారు లవమున కెక్కుదురు. ఇది విలోమ కొలమానము గనుక శాతము తగ్గినకొలది వైద్యునికి కీర్తి.

ఇందొక సూక్ష్మము కలదు. పరీక్షయే జరుగనివారు కూడ లవముననే, అనగా అదుపులేనివారి వరుసలోనే, చేర్పబడుదురు. చూడక విడిచిన వైద్యునికిని, చూచియు అదుపుచేయలేని వైద్యునికిని ఒకే ఫలమిచ్చు ఈ నియమము కొందరికి కఠినముగా తోచును. నాకు న్యాయముగనే తోచుచున్నది, ఏలయన పరీక్షింపని వారిని లెక్కనుండి తొలగింప వీలున్నచో శాతమును తగ్గించుకొనుటకు పరీక్షలు మానుటయే సులభోపాయమగును. 2025 సంవత్సరపు కూర్పునందు, శరీరమునకు అంటించిన యంత్రముచే నిరంతరము చక్కెరను కొలుచువారికొరకు గ్లూకోజ్ మేనేజ్‌మెంట్ ఇండికేటరు అను విలువను కూడ అంగీకరించి, కొలమానము పేరును మార్చిరి. రక్తపోటునకు సంబంధించిన 165వ కొలమానమున ఇంతకంటె విచిత్రమైన నియమమున్నది: ఒకే దినమున పలుమారులు చూచినచో వానిలో అన్నిటికంటె తక్కువైన పై అంకెను, అన్నిటికంటె తక్కువైన క్రింది అంకెను వేరువేరుగా ఏరుకొని, ఆ రెంటిని జతపరచి 140/90 తో పోల్చవలెను. అట్లు కూర్చిన జత ఆ రోగి దేహమున ఏ క్షణమునను ఉండియుండకపోవచ్చును. వైద్యశాలలో అడుగిడినంతనే రక్తపోటు పెరుగు భీరువుల విషయమున జరుగు అన్యాయమును తొలగించుటకు ఈ కల్పన ఉపకరించును.

పదములకు సంకేతములు

హారమున నిలుచు రోగిని యంత్రము గుర్తింపవలెనన్నచో రోగనామము వాక్యమువలె గాక సంకేతమువలె ఉండవలెను. ఒక వైద్యుడు షుగరు అనియు, వేరొకడు టైపు 2 డయాబెటిస్ అనియు, ఇంకొకడు పొడి అక్షరములతోడను వ్రాసిన దానిని మనుష్యుడు ఒకటిగా గ్రహించును, యంత్రము గ్రహింపదు. బిల్లులయందు వాడు ఐ.సి.డి.-10 లో రెండవ తరగతి మధుమేహము ఇ11 అను శీర్షిక క్రిందికి వచ్చును. అమెరికా ఈ పదవ కూర్పునకు మారినది 2015 అక్టోబరు 1 నాడు. అయితే ఐ.సి.డి. వర్గీకరణమే గాని రోగి శయ్యకడ జరిగినదానిని సూక్ష్మముగా వర్ణించు నిఘంటువు కాదు. ఆ పనికి స్నోమెడ్ సి.టి. యను బృహత్కోశము వెలసినది. అమెరికా వ్యాధినిదాన శాస్త్రజ్ఞుల కళాశాలవారు 1960లలో ఆరంభించిన కోశమును, ఇంగ్లండునందు జేమ్స్ రీడ్ అను వైద్యుడు తన క్లినిక్కు వాడుకకై కల్పింపగా జాతీయ ఆరోగ్యసేవవారు పెంపొందించిన రీడ్ సంకేతములను మేళవింపగా 2002లో ఇది జన్మించెను. దీని పరిపాలనమునకు 2007లో అంతర్జాతీయ సంస్థ ఏర్పడినది. 2014లో భారతదేశము దానియందు సభ్యత్వము గైకొనెను.

ప్రయోగశాల పరీక్షలకు వేరొక కోశము, లాయింక్. ఇండియానాపొలిస్ నగరమునందలి రీగన్‌స్ట్రీఫ్ సంస్థలో క్లెమెంట్ మెక్‌డొనాల్డ్ ఆధ్వర్యవమున 1994లో దీనికి అంకురార్పణ జరిగినది. హెచ్‌బిఎ1సి కి అందలి సంఖ్య 4548-4. రక్తపోటు పై అంకెకు 8480-6, క్రింది అంకెకు 8462-4. మందులకు ఆర్.ఎక్స్.నార్మ్, కొలతల ఏకాంకములకు యుకమ్ కలవు. చక్కెరను మిల్లీగ్రాములలో చెప్పు దేశములును, మిల్లీమోల్‌లలో చెప్పు దేశములును ఉన్న లోకమున ఏకాంకము వ్రాయని అంకె ప్రాణాపాయహేతువు. కావున యుకమ్ చిన్నదైనను దాని విలువ తక్కువది కాదు.

ఒక్కొక్క కొలమానమునకు ఈ కోశములనుండి కొన్ని సంకేతములను ఏరి ఒక సముదాయముగా కూర్పవలెను. మధుమేహమను సముదాయమున ఏ యే సంకేతములు చేరును, గర్భిణీస్త్రీలకు తాత్కాలికముగా వచ్చు మధుమేహము చేరునా, అను చర్చ ఇచ్చటనే జరుగును. ఈ సముదాయములను అమెరికా జాతీయ వైద్యగ్రంథాలయమువారు 2012లో నెలకొల్పిన వి.ఎస్.ఎ.సి. అను భాండాగారమున భద్రపరచి, ప్రతిదానికి బిందువులచే విడదీసిన పొడుగాటి సంఖ్యనొకదానిని ఇచ్చుచున్నారు. గోత్రప్రవరలు చెప్పినట్లు ఆ సంఖ్య దేశమునుండి సంస్థకు, సంస్థనుండి సముదాయమునకు దిగును. కొలమానముల వాద వివాదములలో అధికభాగము సూత్రములను గూర్చి గాక ఈ సముదాయముల సరిహద్దులను గూర్చియే జరుగునని ఈ పనియందు నలిగినవారెల్లరు చెప్పుదురు.

సందేశ ప్రమాణములు

హెచ్.ఎల్.7 అను ప్రమాణ నిర్మాణ సంస్థ 1987లో ఏర్పడినది. దాని రెండవ కూర్పు సందేశములు నిలువుగీతలచే విడదీసిన పంక్తులు. చూపునకు అందము లేకున్నను ప్రపంచపు వైద్యశాలలలో నేటికిని ప్రయోగశాలకును వార్డుకును నడుమ వార్తలు మోయుచున్నవి ఎక్కువగా అవియే. ఎల్లప్పుడు పండితులు మెచ్చు ప్రమాణమే లోకము వాడునని లేదు. తార్కిక సౌష్ఠవమునకై నిర్మించిన మూడవ కూర్పు వ్యాపింపలేదు. దానినుండి పుట్టిన సి.డి.ఎ. అను పత్రరూపము మాత్రము, 2005 నాటి రెండవ సంస్కరణముతో, నిలదొక్కుకొనెను. గుణ దత్తాంశముల సందేశములు ఈ శాఖనుండియే మొలచినవి.

2009 ఫిబ్రవరిలో అమెరికా ఆర్థికోద్ధరణ శాసనమున భాగముగా వచ్చిన హైటెక్ చట్టము ఈ చరిత్రలో మలుపు. ఎలక్ట్రానిక్ రికార్డులను కొనుటయే గాక సార్థకముగా ఉపయోగించి, గుణ కొలమానములను వానినుండియే సమర్పించు వైద్యులకు, వైద్యశాలలకు ప్రభుత్వము పారితోషికములిచ్చును. ఇదియే దాని తాత్పర్యము. 2008లో సామాన్యమైన ఎలక్ట్రానిక్ రికార్డులైనను గల వైద్యశాలలు పదింట ఒకటికి మించకుండగా, 2015 నాటికి ధ్రువీకృతమైన వ్యవస్థలు గల వైద్యశాలలు నూటికి 96 అయినవి. సొమ్ము ఎంతటి ఉపాధ్యాయుడో దీనివలన తెలియును. అయితే కొలమానములన్నియు అప్పటికి కాగితముకొరకు వ్రాయబడియుండుటచే, నేషనల్ క్వాలిటీ ఫోరం అను సంస్థవారు ప్రభుత్వ ఒప్పందముపై 113 కొలమానములను యంత్రరూపమునకు మార్చిరి. ఆ మార్పు తొందరలో జరిగినది. నర్సు తన వివేచనచే పూరించుకొను ఖాళీలను యంత్రము పూరించుకొనలేదు గనుక, కాగితముపై నిర్దుష్టముగా కనబడిన వాక్యములు యంత్రమున అసంబద్ధములై తేలినవి. ఉదాహరణమునకు, వైద్యకారణముచే మందు ఇయ్యబడలేదు అను మినహాయింపును నర్సు వైద్యుని గమనికలో చదివి తెలిసికొనును. యంత్రమునకు ఆ కారణము ప్రత్యేకమైన గడిలో ప్రత్యేక సంకేతముతో కనబడవలెను. అట్టి గడి అప్పటి వ్యవస్థలు అనేకములలో లేనేలేదు.

ఈ కాలమున రూపొందిన ప్రమాణములు రెండు జంటగా నడచును. కొలమానమును, అనగా ప్రశ్నను, వ్రాయు రూపము హెచ్.క్యూ.ఎం.ఎఫ్.; ఉత్తరమును పంపు రూపము క్యూ.ఆర్.డి.ఎ. ఈ రెండవదానిలో మొదటి వర్గపు పత్రము ఒక్కొక్క రోగికి ఒక్కొక్కటి. కొలమానమునకు అక్కరయైన రోగనామములు, పరీక్షలు, మందులు, తేదీలు అందుండును. మూడవ వర్గపు పత్రమున రోగులుండరు. హారమెంత, లవమెంత, మినహాయింపులెన్ని యను కూడికలు మాత్రముండును. నడుమనుండిన రెండవ వర్గము, రోగుల జాబితా, వాడుకలోనికి రాలేదు. అమెరికా వైద్యశాలలు సి.ఎం.ఎస్. నకు మొదటి వర్గపు పత్రములను పంపును. సొంత క్లినిక్కులు గల వైద్యులు మూడవ వర్గమును పంపుట వాడుక. ఈ భేదము చిన్నది కాదు. మొదటి పద్ధతిలో ప్రభుత్వమే తిరిగి లెక్కించుకొనగలదు, కాని రోగుల వివరములు గడప దాటును. రెండవ పద్ధతిలో రోగి రహస్యము ఇంటనే నిలుచును, కాని పంపినవాని కూడికను నమ్ముట తప్ప స్వీకరించువానికి గతి లేదు.

తర్కమునకొక భాష

హెచ్.క్యూ.ఎం.ఎఫ్. నందు తర్కమును పొరలుపొరలుగా ఎక్స్.ఎం.ఎల్. గుర్తులలో కూర్చవలసి యుండెడిది. మనుష్యునకు చదువరానిది, యంత్రమునకు సందేహాస్పదము. దీనికి ప్రతిగా హెచ్.ఎల్.7 వారు సి.క్యూ.ఎల్. అను ప్రత్యేక భాషను నిర్మించిరి. 2019 కొలతసంవత్సరమునుండి సి.ఎం.ఎస్. కొలమానముల తర్కము దీనియందే వ్రాయబడుచున్నది. కొలతకాలమున జరిగిన పరీక్షలలో కడపటిదానిని ఎంచుము, దాని విలువ 9 శాతమును మించెనేమో చూడుము అను వాక్యమును ఇంచుమించు ఆ మాటలలోనే ఇందు వ్రాయవచ్చును. వ్రాసినది ఇ.ఎల్.ఎం. అను యంత్రరూపమునకు మారి, ఎవరి కంప్యూటరునందైనను నడచును.

ఈ భాషయందు సత్యము, అసత్యము అను రెంటితోపాటు తెలియదు అను మూడవ విలువ కలదు. వైద్యరికార్డుల స్వభావమును ఎరిగినవారికి ఇది యెంత యవసరమో వివరింపనక్కరలేదు: ధూమపానమును గూర్చి ఏమియు వ్రాయని రికార్డు, ధూమపానము లేదని వ్రాసిన రికార్డుతో సమానము కాదు. కాని ఆ మూడవ విలువ సంయోజక పదములగుండ ప్రవహించి కడకు హారమునుండి రోగిని అదృశ్యము చేయుటయు కలదు; అనుభవము లేని రచయితలు ఇచ్చటనే తప్పటడుగు వేయుదురు. కాలసంబంధములు రెండవ గోతి. ఒక సంవత్సరములోపల అన్నపుడు నేటి దినము చేరునా, గడియలు చూడవలెనా, తేదీ మాత్రము చాలునా అని భాష స్పష్టముగా అడుగును. కాగితపు కొలమానము ఎన్నడును అడిగియుండలేదు. ఈ భాష చేకూర్చిన మరొక మేలు కలదు. సంవత్సరాంతమున వైద్యుని దోషమును లెక్కించు వాక్యమే, రోగి ఎదుట కూర్చుండినపుడు ఈతనికి పరీక్ష చేయవలసియున్నదని వైద్యుని హెచ్చరింపవచ్చును. తీర్పు చెప్పుటకును, తోడ్పడుటకును ఒకే తర్కము ఉపయోగపడుట ఈ రంగమున వచ్చిన మార్పులలో మిక్కిలి విలువైనదని నా అభిప్రాయము.

కూర్పునకు, పరీక్షకు సాధనములు

కొలమానములను రచించుటకు మెజర్ ఆథరింగ్ టూల్ అను సాధనము, రచించినదానిని పరీక్షించుటకు బానీ యను సాధనము చిరకాలము వేరువేరుగా ఉండినవి. ఇటీవల రెంటికి బదులుగా మాడీ యను ఒకే సాధనము వచ్చినది. బానీలో కల్పిత రోగులను సృష్టించి, ఒకనికి 75 ఏండ్లు నిండునట్లు, వేరొకనికి పరీక్ష డిసెంబరు 31 రాత్రి జరిగినట్లు, ఇంకొకనికి పరీక్ష జరుగనే లేనట్లు కూర్చి, తర్కములోని ప్రతి శాఖయు ఏదో యొక రోగిచే స్పృశింపబడినదా యని చూచెడివారు.

రికార్డుల వ్యవస్థలను అమ్ము సంస్థలు సరిగా లెక్కించుచున్నవో లేదో తేల్చుటకు సైప్రస్ అను సాధనము కలదు. బానీవలెనే దీనిని కూడ మైటర్ అను లాభాపేక్షలేని సంస్థ బహిరంగ మూలరచనగా నిర్మించినది. సైప్రస్ కల్పిత రోగుల సమూహమును ఇచ్చును; పరీక్షింపబడు వ్యవస్థ వారిని లోనికి తీసికొని, లెక్కించి, క్యూ.ఆర్.డి.ఎ. పత్రములను తిరిగి ఇయ్యవలెను. సైప్రస్ తనకు ముందే తెలిసిన ఉత్తరముతో పోల్చి దోషములను చూపును. నిజమైన రోగి వివరమొక్కటియు ఇందు అక్కరలేదు. ధ్రువీకరణమునకు ఈ పరీక్ష నెగ్గవలెను. అయినను ఇందొక పరిమితి యున్నది: అమ్మకపు గదిలో నెగ్గిన వ్యవస్థ, వైద్యశాలలో ఎవరో గడులను మార్చి అమర్చిన పిమ్మట తప్పు లెక్కింపవచ్చును. సైప్రస్ యంత్రమును పరీక్షించును గాని దాని ముందు కూర్చున్న మనుష్యుని వ్రాతను పరీక్షింపజాలదు.

ఫైర్ యుగము

2011లో గ్రేహమ్ గ్రీవ్ అను ఆస్ట్రేలియా నిపుణుడు, వెబ్బు ప్రపంచము వాడుకొను సామాన్యమైన పద్ధతులనే వైద్యమునకును వాడవలెనని ప్రతిపాదించిన దానినుండి ఫైర్ అను ప్రమాణము వికసించెను. రోగి, రోగనిర్ణయము, పరీక్షాఫలితము, మందుచీటి మున్నగు ప్రతిదియు ఇందు ఒక చిన్న స్వతంత్రమైన దత్తాంశఖండము. ఒక్కొక్కదానికి తన చిరునామా కలదు. కావలసినవాడు, అధికారమున్నచో, ఆ చిరునామాకు పోయి తెచ్చుకొనవచ్చును. 2018 చివర వెలువడిన నాల్గవ విడుదల స్థిరత్వమును పొందుటచే ప్రభుత్వములు దానిపై శాసనములు కట్టుటకు ధైర్యము చేసినవి. 2016 డిసెంబరు నాటి క్యూర్స్ చట్టము దత్తాంశములను అడ్డగించుటను నిషేధింపగా, దాని ననుసరించిన 2020 నాటి నిబంధనలు ధ్రువీకృత వ్యవస్థలన్నియు 2022 చివరిలోపల ఫైర్ ద్వారమును తెరువవలెనని ఆదేశించినవి.

గుణ దత్తాంశములకు దీనివలన కలిగిన మార్పు కేవలము వేషము మార్పు కాదు. కొలమానమును మోయు ఖండము, ఫలితమును మోయు ఖండము ఫైర్‌లోనే అంతర్భాగములు. ఒక్కని ఫలితము, జాబితా, కూడిక అను పాత మూడు వర్గములును అందు పునర్జన్మ మెత్తినవి. హెచ్.ఎల్.7 ఆశ్రయమున సాగు డావిన్చీ ప్రాజెక్టువారు రచించిన మార్గదర్శకము, దత్తాంశములను ఎట్లు సమర్పింపవలెను, ఏ రోగికి ఏ సేవ లోపించియున్నదో బీమా సంస్థ వైద్యునికి ఎట్లు తెలుపవలెను అను వానిని విధించినది. పాత పద్ధతిలో ప్రతి కొలమానముకొరకు దత్తాంశములను నకలు చేసి ఏడాది చివర పంపవలెను; ఇందు కొలమానమే దత్తాంశములున్న చోటికి పోయి లెక్కించుకొని వచ్చును. సి.ఎం.ఎస్. వారు 2022లో ప్రకటించిన మార్గపటము కొలమానములన్నిటిని ఈ రూపమునకు తేవలెనను సంకల్పమును తెలుపును. ఆచరణము సంకల్పమంత వేగముగా సాగుట లేదు. నేటికిని అమెరికా వైద్యశాలలు ప్రభుత్వమునకు పంపునది ప్రధానముగా క్యూ.ఆర్.డి.ఎ. పత్రములే.

భారము, వికటత

2016లో ప్రకటితమైన ఒక పరిశోధనము ప్రకారము అమెరికాలో నాలుగు సామాన్య వైద్యశాఖలకు చెందిన క్లినిక్కులు గుణ కొలమానముల సమర్పణకై వైద్యుడొక్కనికి ఏటేట సగటున 785 గంటలు, అంతయు కలిపి 1,540 కోట్ల డాలర్లు వెచ్చించుచుండెను. ఇందు అధికభాగము వైద్యము కాదు, గడులు నింపుట. నర్సు రక్తపోటును గమనికల వాక్యమున వ్రాసినచో యంత్రము చూడదు; నియతమైన గడిలో వ్రాసిననే చూచును. అందుచే మంచి చికిత్స చేసి చెడ్డగా నమోదు చేసిన వైద్యుడు, మధ్యరకపు చికిత్స చేసి చక్కగా నమోదు చేసిన వైద్యునికంటె తక్కువ అంకె పొందును. 2015 నాటి మాక్రా చట్టముననుసరించి ఈ అంకెలపై మెడికేర్ చెల్లింపులు హెచ్చుతగ్గులగుచుండుటచే ఇది మర్యాదకు మాత్రమే సంబంధించిన విషయముగా మిగులలేదు.

కొలమానమే తప్పైనచో ప్రమాణములు ఎంత నిర్దుష్టములైనను చేయునదేమియు లేదు. న్యుమోనియా రోగికి వచ్చిన నాలుగు గంటలలోపల యాంటీబయోటిక్ ఇయ్యవలెనని ఒకప్పుడు కొలమానముండెను. గడియ దాటునేమో యను భయముచే అత్యవసర విభాగపు వైద్యులు, రోగనిర్ణయము కాకముందే, న్యుమోనియా లేనివారికి కూడ మందు ఇయ్యసాగిరి. గడువును ఆరు గంటలకు పెంచిరి. తుదకు కొలమానమునే తొలగించిరి. కాలమును ఖచ్చితముగా కొలిచిన వ్యవస్థలు తమ పనియందు ఏ లోపమును చేసియుండలేదు.

ఇతర దేశములు, భారతదేశము

ఇంగ్లండునందు 2004లో ఆరంభమైన క్యూ.ఓ.ఎఫ్. పథకము కుటుంబవైద్యుల ఆదాయములో గణనీయమైన భాగమును కొలమానములకు ముడివెట్టి, రీడ్ సంకేతములనుండి దత్తాంశములను కేంద్రముననే యంత్రముచే రాబట్టెను. అచ్చటి కుటుంబవైద్యులెల్లరు అప్పటికే కంప్యూటరు రికార్డులకు అలవాటుపడియుండుటచేతను, చెల్లించువాడొక్కడే యగుటచేతను అమెరికాలో కనబడు సందేశముల గందరగోళము అచ్చట తలయెత్తలేదు.

భారతదేశమున 2013లో ప్రకటితములై 2016లో సంస్కరింపబడిన ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డు ప్రమాణములు స్నోమెడ్ సి.టి., లాయింక్ మున్నగువానిని అంగీకరించినవి. పూణేయందలి సీడాక్ సంస్థలోని జాతీయ వనరుల కేంద్రము వానిని ప్రచారము చేయుచు, 2021 సెప్టెంబరు 27న దేశవ్యాప్తముగా ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కొరకు ఫైర్ నాల్గవ విడుదలపై దేశీయ నమూనాలను రచించినది. అమెరికా బీమా సంస్థలకు, వైద్యశాలలకు రికార్డులను చదివి సంకేతములిచ్చు మెడికల్ కోడింగ్ హైదరాబాదు యువతకు ఇదివరకే పరిచితమైన వృత్తి; ఐ.సి.డి. సంఖ్యలను కంఠస్థము చేసినవారు అచ్చట వేలసంఖ్యలో కలరు, కాని వారి చేతులలోనుండి సాగు రికార్డులు ఎక్కువగా సముద్రముల కావలివి. డిజిటల్ మిషన్ నమూనాలలో ఓ.పి. సంప్రదింపు, మందుచీటి, ప్రయోగశాల నివేదిక, డిశ్చార్జి సారాంశము మొదలగునవి వేరువేరుగా నిర్వచింపబడినవి. వానితోపాటు పాత కాగితములను స్కాను చేసి పటముగా పంపుటకును ఒక నమూనా కలదు. కంప్యూటరు లేని క్లినిక్కునుండి వచ్చిన రోగికి అదియే దారి. కాని అట్టి పటమునందు హెచ్‌బిఎ1సి విలువ ముద్రింపబడియున్నను, దానిని ఎవరైన చదివి ఏకాంకముతో, 4548-4 అను సంకేతముతో గడిలో వ్రాసినంతవరకు ఏ సి.క్యూ.ఎల్. వాక్యమును దానిని చూడజాలదు; ఆ రోగి పరీక్ష జరుగనివాని క్రిందనే లెక్కకు వచ్చును.